కుప్పంలో పాలిష్ పట్టించిన రెండు రూపాయల బిళ్ళ

మొన్న శనివారం కుప్పం పోయి నేను చేసుకొచ్చిన ఘనకార్యం చెప్తా, వినండి. ముందే చెప్తాండా, నన్ను ఎవురూ మోసం చేయలేదు. అంతా నా తెలివితో నేనే చేసుకుంటి.

పుంగనూరులో మాకు పిండి మిషన్ ఉండాది కదా. రాగులు, బియ్యం ఆడించుకునేవాళ్ళు ఎక్కువగా చిల్లర బిళ్ళలే ఇస్తారు. రెండు నెలల కింద ఫోన్లో ఒక వీడియో సూస్తి. నాణేలు అచ్చేసే మింటులో ఒక్కోసారి తప్పు పడతాదంట. అట్లా తప్పు పడిన బిళ్ళల్ని నాణేలు చేర్చే పిచ్చి ఉండేవాళ్ళు ఎంతైనా ఇచ్చి కొంటారంట. ఆ పొద్దు నుంచి గల్లాపెట్టెలో పడే ప్రతి బిళ్ళనీ తిప్పి తిప్పి సూడ్డమే నా పని. ఒకరి పిండి ఇంకొకరికి ఇచ్చి తిట్లు తింటిని గానీ, బిళ్ళను మాత్రం సూడకుండా వదల్లేదు.

రెండు నెలలకి మూడు దొరికినాయి. ఒకటి పది రూపాయలది. దాంట్లో నడిమి బిళ్ళ తిరిగిపోయి, సింహాలు పక్కకి వాలి పండుకున్నట్టు ఉండాయి. రెండోది ఐదు రూపాయలది. ఐదు అంకె పక్కన ఇంకో ఐదు నీడ మాదిరి కనపడతాంది. మూడోది రెండు రూపాయలది. అంచున ఎవురో కొరికినట్టు నెలవంక మాదిరి ముక్క లేదు. నా ఆశంతా పది రూపాయల దాని మీదనే. కొరికిందాన్ని తోడుకి పెట్టుకుంటి, అంతే.

మా ఇంటాయన సూసి, "బిళ్ళలు అరగవా, నలగవా? అన్నీ మింటు తప్పులేనా రత్నా?" అనె.

"తేల్చుకునే దాకా నేను వదిలేది లేదు. నువ్వు గమ్మున రాగులు పొయ్యి" అంటిని.

మూడింటికీ రెండు పక్కలా ఫోటోలు తీసుకుని, ముందు మదనపల్లె పోతి. ఆడ పాత వెండి కొనే అంగడాయన నా బిళ్ళల్ని ముట్టుకోను కూడా లేదు.

"వీడియోలు సూసి వచ్చినావా అమ్మా? నాకు తెలిసేది వెండి. కుప్పంలో నాణేలు చేర్చే రిటైర్డ్ లెక్కల సారు ఒకాయన ఉండాడు. నిజమైందో కాదో ఆయప్పయితే మొగం మీదనే చెప్తాడు" అని నంబరు ఇచ్చె.

సారుకి ఫోన్ చేస్తి. ఆయన ఒకటే మాట చెప్పె: "ఉండేది ఉండేట్టు తీసుకురామ్మా."

ఏదీ దాచకుండా ఉండేవన్నీ తెమ్మంటాండాడు అనుకుంటి.

శనివారం పొద్దున్నే బస్సెక్కితి. పలమనేరు, వి.కోట దాటి కుప్పంలో దిగేసరికి పది. సారు పదకొండుకి రమ్మన్నాడు. గంట టైం ఉండాది కదా అని మా తమ్ముడు గోవిందప్ప దగ్గరికి పోతి. వాడు గ్రానైట్ ఫ్యాక్టరీలో రాళ్ళకి పాలిష్ పడతాడు. వాడు పట్టిన రాయిలో మొగం సూసుకుని తల దువ్వుకోవచ్చు.

వాడు నా బిళ్ళల్ని సూసి, "ఏమక్కా, ఇంత మడ్డిగా ఉండాయి? పెళ్ళిసూపులకి పిల్లని ఇట్లే తీసుకుపోతారా?" అనె.

నాకూ నిజమే అనిపించె. "సరే, రొంత మెరిసేట్టు చెయ్యి" అని ఇస్తి.

వాడు చేతి మిషన్ తీసి ముందు ఐదు రూపాయలదానికి పట్టె. పట్టి, దాన్ని వెలుతురుకి పెట్టి సూసి, "అక్కా, రెండో ఐదు పోయింది" అనె.

"యాడికి పోయింది?"

"అది మడ్డి అక్కా. ఎండిపోయిన పిండి."

ఆడితో నాకు బుద్ధి రావాల. రాలేదు. ఒకటి పోతే పోనీ, మిగతా రెండన్నా మెరవాల అని పట్టుబడితి. పది రూపాయలది బంగారం మాదిరి అయ్యె. రెండు రూపాయలది ఇచ్చేటప్పుడు మాత్రం నేనే చెప్పి మరీ చేయిస్తి. "ఆ కొరికిన కాడ గరుగ్గా, అసింకంగా ఉండాది. ఆ అంచంతా నున్నగా చెయ్యిరా."

వాడు మా అమ్మ కడుపున పుట్టినోడు కదా, చెప్పినదానికంటే ఎక్కువే చేసె, బిళ్ళ సుట్టూ మిషన్ తిప్పె.

పదకొండుకి సారు ఇంట్లో ఉంటి. డెబ్బై ఏండ్లుంటాయి, బక్కగా ఉంటాడు. టేబుల్ మీద లైటు, పక్కన భూతద్దం. మూడు బిళ్ళల్నీ ముందర పెడితి. ఆయన భూతద్దం తీసుకోకముందే నా పక్క ఒక సూపు సూసె.

"వీటిని ఏం చేసినావమ్మా?"

"పాలిష్ పట్టించినా సార్."

ఆయన పది రూపాయలది తీసుకుని అతుకు దగ్గర సూపించె. "ఇది మింటులో జరగలేదు. రెండు లోహాల్నీ కలిపినాక మీద అచ్చు పడతాది. అప్పుడు బొమ్మా రాతా ఒకే వరసలో ఉండాల. ఈడ సింహాలు తిరిగినాయి, సుట్టూ రాత మాత్రం తిరగలేదు. ఎవురో నడిమి బిళ్ళని గుద్ది తీసి మళ్ళా దూర్చినారు."

నా రెండు నెలల ఆశ అట్లా పాయె. ఐదు రూపాయలదాని గురించి నేనే చెప్పేస్తి. ఇంగ మూడోది. దాన్ని తిప్పి తిప్పి సూసి, "పాలిష్ ముందు ఎట్ల ఉన్నింది?" అని అడిగె. ఫోన్లో ముందు తీసిపెట్టుకున్న ఫోటో సూపిస్తి.

సారు ఫోటోని పెద్దది చేసి సూసి, కుర్చీలో ముందుకి జరిగె.

"పొడుగాటి రేకులోంచి బిళ్ళలు కొట్టి తీస్తారమ్మా. ఒక్కోసారి రేకు సరిగ్గా జరక్క, ముందు పడిన బొక్క మీదికే దెబ్బ వస్తాది. అప్పుడు బిళ్ళకి ఇట్లా ముక్క పోతాది. ఆ ముక్క పోయిన సోటుకి సరిగ్గా ఎదురు పక్క సూడు, అంచున లేసుండే గట్టు పల్చబడి మాసిపోయినట్టుంది. కత్తిరించి దొంగది చేసేవాళ్ళకి ఇది రాదు. ఇది అసలైంది."

"అయితే తీసుకుంటారా సార్?"

ఆయన ఫోటోని పక్కన పెట్టి బిళ్ళని పైకెత్తె. "ఇప్పుడు గట్టు సుట్టూ పల్చగానే ఉండాది. కొరికిన అంచున మిషన్ గీతలు ఉండాయి. దీన్ని ఎవురికి సూపించినా రంపంతో కోసి అరగదీసిందే అంటారు. నేనైనా అదే అంటా."

"ఫోటో ఉండాది కదా సార్?"

"ఫోటోని ఎవురు కొంటారమ్మా?"

వాళ్ళింటామె కాఫీ తెచ్చి ఇచ్చె. సారు సల్లగా చెప్పె: "నలభై ఏండ్లుగా సూస్తాండాను. చెడిపోయిన బిళ్ళని మింటు తప్పు అని తెచ్చేవాళ్ళే అందరూ. మింటు తప్పుని చెడిపోయిన బిళ్ళ చేసి తెచ్చింది నువ్వొక్కదానివే."

మర్యాదకి కాఫీ తాగి లేస్తి. దారంతా తమ్ముడిని తిడదామనుకుంటి గానీ, అంచు నున్నగా చెయ్యమన్నది ఎవురు?

సాయంత్రం ఇంటికి వస్తే, మా ఇంటాయన మిషన్ ఆపి మరీ అడిగె. "ఏమాయె? ఒక్కటన్నా నిజమైంది ఉండాదా?"

"ఉన్నింది" అంటిని.

ఆయన మొగం వెలిగిపాయె. "నిజంగా? ఉన్నిందంటే?"

"పొద్దున పదిన్నర దాకా ఉన్నింది."