కుడిచేత్తో పోసిన వంగనారు

మొన్న మా ఇంట్లో వంటచేసే ఆవిడ ఖాళీ అయిన కోడిగుడ్ల అట్టను చెత్తబుట్టలో కుక్కుతుంటే "అది ఉంచమ్మా" అని చటుక్కున అనేశాను. "దేనికి మేడం?" అంది. మిద్దె మీద మొక్కలు పెంచడం మానేసి చాలా కాలమైంది. ఆ అట్టలోని గుంటల్ని చూడగానే మా మామగారి కుడిచేయి కళ్లముందు కదిలింది, అంతే.

ఆయన సర్వే శాఖలో నక్షలు గీసి రిటైరైన మనిషి. గుంటూరు నుంచి నిజాంపేటలోని మా ఫ్లాటుకు వచ్చాక పచారీ చీటీని కూడా స్కేలు పెట్టినంత తిన్నగా రాసేవారు. అలాంటి చేతిలోంచి ఒక ఉదయం కాఫీ గ్లాసు జారిపడింది. పక్షవాతం. మాట, నడక రెండు నెలల్లో తిరిగొచ్చాయి గానీ కుడిచేతి వేళ్లు మొరాయించాయి. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమంది. "ఇది చంటిపిల్లల వ్యవహారం అమ్మాయ్, నా వల్ల కాదు" అని ఆయన నాతో చెప్పి, దాన్ని మంచం కిందికి దొర్లించేసేవారు. పింఛను కాగితం మీద సంతకానికి బదులు వేలిముద్ర వేయాల్సివచ్చిన రోజు అన్నం ముట్టలేదు.

మా వాచ్‌మన్ భార్యది పాలమూరు వైపు పల్లె. ఫ్లాట్లలో పారేసే పాలప్యాకెట్లు, పెరుగు డబ్బాలు, గుడ్ల అట్టలు పోగుచేసి, కడగాల్సినవి కడిగి, అడుగున చిల్లులు పొడిచి, ఎర్రమట్టిలో కొబ్బరిపొట్టు కలిపి నింపి, మిద్దె మీద వంగ, మిరప నారు పోసేది. నా వంతుగా నేను రాయదుర్గంలోని మా ఆఫీసు నుంచి వాడేసిన కాగితం కప్పులు తెచ్చిచ్చేదాన్ని. టీమ్ లీడునైన నా హ్యాండ్‌బ్యాగులోంచి దొంతరలు దొంతరలుగా టీ కప్పులు బయటపడితే, గేటు దగ్గర సెక్యూరిటీ ఆవిడ చూసిన చూపు ఇంకా గుర్తుంది.

పొద్దుటి ఎండ తగులుతుందని మామగారిని మిద్దె మీద కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లం. కూర్చుని ఊరుకుంటారా? వరస వంకరగా ఉందనీ, గింజ లోతుగా పడిందనీ వాచ్‌మన్ భార్య పనికి వంకలు పెట్టేవారు. ఒక ఆదివారం నేను బట్టలు ఆరేస్తుండగా ఆవిడ లేచి, మట్టి నింపిన గుడ్ల అట్టను తెచ్చి ఆయన ముందు స్టూలు మీద పెట్టింది.

"కూసొని చెప్పుడు అల్కనే పెద్దయ్యా. జర నువ్వు వెట్టి సూడు."

ఆయన ఎడమచేయి చాపారు. ఆవిడ గింజల చిప్పను వెనక్కి లాక్కుంది. "ఎడమ చేత్తోని ఇత్తనం వెయ్యద్దు. మొలవది."

విధిలేక ఎడమచేత్తో తింటున్నందుకే లోలోపల కుమిలిపోతున్న మనిషి. ఆ మాట కాదనలేకపోయారు. ఒళ్లో పడున్న కుడిచేతిని మెల్లగా లేపి చిప్పలో పెట్టారు. వంగగింజ నువ్వుగింజ కన్నా చిన్నది. వేళ్ల మధ్యకు రావడం, జారిపోవడం. నుదుటి మీద చెమట పట్టింది. నేను సాయం వెళ్లబోతే ఆవిడ కళ్లతోనే వద్దంది. ముప్పై గుంటలు నిండేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

తొమ్మిదోరోజు పొద్దున్నే "అమ్మాయ్! ఐదు!" అని మెట్ల మీదనుంచే కేక. ముప్పైలో ఐదే మొలిచాయి. ఆయనకు మాత్రం అవి అయిదెకరాల మాగాణి. ఆ తర్వాత ఆయన్ను మిద్దె మీదికి ఎవరూ బతిమాలి తీసుకెళ్లలేదు. మిరప, టమాట, ఆఖరికి అన్నిటికన్నా సన్నటి తోటకూర గింజల దాకా వచ్చారు. మూడు నెలలకు ఐస్‌క్రీం పుల్ల మీద పెన్సిలుతో 'వంగ' అని రాసి నాకు చూపించారు. అక్షరాలు పడుతూ లేస్తూ ఉన్నాయి. నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. మరుసటి ఏడు పింఛను కాగితం మీద సంతకమే పెట్టారు.

వాచ్‌మన్ కుటుంబం వేరే అపార్ట్‌మెంటుకు మారిపోతున్నప్పుడు ఆవిణ్ణి అడిగాను, ఎడమచేత్తో వేస్తే నిజంగా మొలవవా అని. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇత్తనానికేమెరుక మేడం, ఏ చెయ్యో! పెద్దయ్యకు చెప్పకుండ్రి, పరేషానైతడు."

చెప్పలేదు. ఆయన ఆ నమ్మకంతోనే ఇంకో ఆరేళ్లు నారు పోసి, వెళ్లిపోయారు. మొదటి గింజ నుంచి 'వంగ' అని రాసేదాకా, ఎంతకీ గడవవనిపించిన ఆ మూడు నెలలు, ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఒక్క ఉదయమంత కూడా లేవు.