కొండా, నీళ్లా

“కొండే అది.”

“నీళ్లు. కళ్లు పోయినోడికి కొండేంది, నీళ్లేంది, అన్నీ ఒకటే.”

“కొత్త కార్డు వేసినాక చూద్దాంలే. కొండయితే నాకు జాంగ్రీ కొనియ్యాల నువ్వు.”

“ముందు గెలువయ్యా, తర్వాత తిందువు.”

ఇవే మా ఇద్దరి ఆఖరి మాటలు. ఇలాగే రాయి, మంచిగా మార్చకు. నేను పూలగంప ఎత్తుకుని గుమ్మం దాటుతూ అన్నాను. మా ఆయన కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని అన్నాడు. పదకొండు గంటలకు నేను తిరిగి వచ్చేసరికి ఆ కుర్చీలోనే ఉన్నాడు, తల పక్కకు వాలి ఉంది. నిద్రపోతున్నాడనుకున్నాను. ఇడ్లీ తినకుండా పడుకున్నాడేమిటని కాసేపు తిట్టాను కూడా. తిట్టినంత సేపూ ఆయన లేడు.

నువ్వు మా చెల్లెలి కూతురివి, నీకు ఇవన్నీ తెలుసు. తెలియనివాళ్లు చదువుతారంటున్నావు కాబట్టి చెబుతున్నాను. మాది వాషర్‌మెన్‌పేట. మార్కెట్ మలుపులో పూలు అమ్ముతాను. మా ఆయన హార్బర్‌లో ట్రైలర్ లారీ తోలేవాడు. ఓడల మీద వచ్చిన ఇనప పెట్టెలు దించితే వాటిని రాయపురం దారిలో బయటికి తెచ్చేవాడు. ముప్పై ఏళ్లు తోలాడు, ఒక్కసారి కూడా నన్ను ఎక్కించుకోలేదు. క్లీనరు సీట్లో పెళ్లాం కూర్చుంటే నలుగురూ నవ్వుతారట. తర్వాత షుగర్ వచ్చింది. ముందు బొటనవేలు తీశారు, ఆ తర్వాత మోకాలి కింది దాకా కాలు తీశారు. చివరికి అది కళ్ల మీదికి వచ్చింది. పిల్లలు లేరు మాకు. ఇంట్లో ఆయన, నేను, ఒక ఫ్యాను.

మా వీధి చివర పిల్లలు డబ్బులిచ్చి ఆటలాడే కంప్యూటర్ సెంటరు ఒకటి ఉండేది. అది మూసేసినప్పుడు ఆయన అందులోనుంచి ఒక కంప్యూటర్ కొని తెచ్చాడు. అప్పటికే పాతది. కాలు లేని మనిషికి ఇదెందుకని నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. అందులో లారీ తోలే ఆట ఉంది.

“ఈ బండికి కాలు అక్కర్లేదే” అన్నాడు.



అప్పటినుంచి ఆయన తోలడం, నేను పక్కన స్టూలు వేసుకుని పూలు కట్టడం. ముప్పై ఏళ్లు ఎక్కించుకోని మనిషి అలా ఎక్కించుకున్నాడు. హారన్ నా పని. ఏ మీట నొక్కాలో గుర్తుండదని నా నుదుటి బొట్టుబిళ్ల తీసి ఆ మీటమీద అంటించాడు. ఎర్ర బిళ్ల కనిపిస్తే నొక్కడమే. అదేదో చలి దేశం. రోడ్డుమీద ఆవు లేదు, ఆటో లేదు, మనిషి పురుగు లేదు. అయినా నేను కొట్టేదాన్ని.

“ఎవురికే కొడతావుండావు?”

“ఎవురన్నా వస్తే?”

“వచ్చేదానికి ఆడ ఎవురుండారు, నీ మొగం.”

“మనం లేమా?”

కంప్యూటర్‌లో బొమ్మలు చూపించడానికి ఒక కార్డు ఉంటుంది. మా దాంట్లోది ముసలిదైపోయింది. అది వేడెక్కకుండా ఉండాలని ఆయన ఆటలో అన్నీ తగ్గించి పెట్టుకున్నాడు. అందుకని చెట్లు అట్టముక్కల్లా ఉండేవి, దూరమంతా పొగ. ఒక పెట్రోల్ బంకు దాటి పొడుగ్గా కిందికి దిగితే, ఎదురుగా బూడిదరంగులో ఏదో అడ్డంగా పరుచుకుని కనిపించేది. దగ్గరికి పోయి చూద్దామనుకుంటే, మలుపు రాగానే ఫ్యాను గురగురమని అరిచి కంప్యూటర్ ఆగిపోయేది. ఎన్నిసార్లు పోయినా అక్కడే ఆగిపోయేది. మళ్లీ పెడితే బండి బంకు దగ్గర నిలబడి ఉండేది.

ఆయన కొండ అనేవాడు. నేను నీళ్లు అనేదాన్ని, సముద్రమో చెరువో. నెలల తరబడి ఇదే గొడవ. పక్కింటామె ఒకరోజు గోడ మీదినుంచి తొంగిచూసి, “ఏంది మీ పంచాయతీ? కొండ నీకు, చెరువు ఆయనకని ఆస్తి పంచుకుంటా ఉండారా?” అంది. ఆ రోజు ఆయన నవ్విన నవ్వుకు చేతికర్ర కింద పడింది.

పదో రోజున నా బొట్టు తీసేశారు. హారన్ మీద ఉన్న బిళ్ల ఎవరికీ కనిపించలేదు. అది అలాగే ఉంది.

ఆ తర్వాత వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయారు. పూలు కట్టి పక్కకు తిరిగి చూస్తే కుర్చీ. అన్నం వండితే రెండు పూటలకూ మిగిలేది. నలభై రోజులు దాటాక ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక కంప్యూటర్ పెట్టాను. ఫ్యాను తిరిగింది కానీ తెరమీద బొమ్మ లేదు, పైనుంచి కిందికి పచ్చ చారలు. వీధిలో రిపేరు చేసే అతన్ని పిలిస్తే, కార్డు పోయిందమ్మా, పాత సామానుకు వేసెయ్ అన్నాడు. నువ్వు కూడా అన్నావు, గుర్తుందా?

“ఆ డబ్బా ఎందుకు పెద్దమ్మా? ఎత్తి పడెయ్. నీకు టీవీ తీసిస్తా.”

నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. షుగర్‌తో చూపు పోతున్న మనిషిని కళ్లు పోయినోడా అన్నాను నేను. ఆ మాట చెవిలో వేసుకుని పోయాడు. అక్కడ ఉన్నవి నీళ్లే అయితే, ఏదో వాదనలో ఉన్నమాటే అన్నానని సర్దుకుంటాను. కొండయితే ఆయన ఆ కళ్లతోనే సరిగ్గా చూశాడు, నేను నోటికొచ్చింది అన్నాను. అది తేలాలి నాకు. తేల్చడానికి ఆ కార్డు తప్ప వేరే దారి లేదు.

పూలు కట్టే దారం తీసుకుని కంప్యూటర్ పెట్టె లోపల ఖాళీ ఎంత ఉందో కొలిచాను. పొడుగుకు ఒక ముడి, మందానికి ఒక ముడి వేశాను. పాత కార్డు ఊడదీయించి, అరిటాకులో చుట్టి గంపలో పెట్టుకుని, మౌంట్ రోడ్డు పక్కన కంప్యూటర్ సామాన్ల వీధికి పోయాను. మొదటి అంగట్లో అరవంలో అడిగాడు, మనవడికా అమ్మా అని. నాకే అన్నాను. నవ్వి, మూడు ఫ్యాన్లున్న కార్డు ఒకటి గాజుబల్ల మీద పెట్టాడు. ఎంత అందంగా ఉందో, రంగురంగుల లైట్లు. దారం పెట్టి చూశాను. ముడి దాటి జానెడు బయటికి వచ్చింది.

“ఇది నా పెట్టెలో పట్టదు.”

“పెట్టె మార్చేయమ్మా. దీనికి కరెంటు కూడా ఎక్కువ కావాలి, అందుకని పవర్ సప్లై మార్చాలి. ఎలాగూ అవన్నీ మారుస్తావు కాబట్టి బోర్డు కూడా...”

అన్నీ మార్చేస్తే ఆయన బండి ఎక్కడ ఉంటుంది? లేచి వచ్చేశాను.

వీధి లోపలికి పోతే మెట్ల కింద బల్ల వేసుకుని ఒక పెద్దమనిషి రిపేర్లు చేస్తున్నాడు. నేను నాలో నేను తిట్టుకుంటూ పోతుంటే తలెత్తాడు.

“తెలుగామ్మా? నెల్లూరు పక్కనా?”

“కాదు నాయనా, ఈడే. మా తాత కాలం నుంచి ఈడే.”

అరిటాకు విప్పి చూపించాను. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కాలిపోయిందన్నాడు. అదే రకం కార్డు, వాడి తీసేసింది, ఒకటి ఉందని తీశాడు. తళతళలాడుతోంది. నేనూ వాసన చూశాను. ఏదో కడిగిన వాసన, దాని కింద లోపలెక్కడో మాడిన వాసన. నిన్నటి మల్లెపూలకు నీళ్లు చల్లి తడిగుడ్డ కప్పితే ఇలాగే ఉంటాయి. చూపుకు ఈరోజువి, ముక్కుకు నిన్నటివి.

“ఇది నిన్నటి పువ్వు” అన్నాను.

ఆయన నన్ను ఒకసారి చూసి, దాన్ని తీసి లోపల పెట్టేశాడు. “ఏం చెయ్యాలమ్మా నీకు దాంతో? అది చెప్పు ముందు.”

చెప్పాను. ఎందుకో ఆయనకు చెప్పాను. లారీ, పెట్రోల్ బంకు, మలుపు, ఆ బూడిదరంగు. జాంగ్రీ సంగతి చెప్పలేదు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

“అట్టయితే పాతది వద్దు తల్లీ. అది వేస్తే మళ్లా ఆ పొగే. ఆ మలుపులోనే మళ్లా ఆగిపోతాది.” ఒక చిన్న డబ్బా తెరిచాడు. ఒకే ఫ్యాను, లైట్లు లేవు, చూడ్డానికి బీదగా ఉంది. “ఇది కొత్తది. వేరే కరెంటు తీగ అక్కర్లేదు, బోర్డులో గుచ్చితే సాలు. నీ దారం పెట్టి చూడు.”

ముడికి రెండు వేళ్లు లోపలే ఉంది.

“దీంతో ఆయన బండి పోదు కదా?”

“బండి వేరే ఉంటాది, డిస్కులో. దీన్ని మారిస్తే దానికేం కాదు. ఇది కళ్లద్దాల మాదిరి అనుకో.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది ఆయన. నేను ముఖం తిప్పుకున్నాను.

మర్నాడు ఆటోలో పెట్టె తీసుకుపోతే బిగించి, తన తెరకు తగిలించి చూపించాడు. చారలు లేవు. ఆట తెరవమంటావా అన్నాడు. వద్దు, ఈడ వద్దు అన్నాను. మా పాత తెరకు తీగ మొన నీలంరంగుదని చెబితే, దానికి సరిపడే ఒక బుడిపె కూడా ఇచ్చి, బయటికి వచ్చి ఆటో ఎక్కించాడు.

ఇంటికొచ్చి పెట్టాను. ఆట తెరుచుకుంది. ఆయన బండి బంకు దగ్గరే నిలబడి ఉంది. ఎదురుగా మళ్లీ అదే పొగ. చెట్లు అవే అట్టముక్కలు. కార్డు కొత్తది, చూపు పాతదే. నేలమీద కూర్చుండిపోయాను. ఆ వారమంతా దానిమీద గుడ్డ కప్పే ఉంచాను. చివరికి నీకు ఫోన్ చేశాను, నువ్వు ఆదివారం వచ్చావు.

“అయ్యో పెద్దమ్మా, పెదనాయన అన్నీ తగ్గించి పెట్టుండాడు. కార్డు మారిస్తే అదంతట అదే మారదు, మనమే పెంచాల. ఇరు, ఒక్క నిమిషం ఆగు, పెంచతా.”

ఏవో గీతలు పక్కకు జరిపావు. చెట్లకు ఆకులు వచ్చాయి. బంకు మీద రాత వచ్చింది. నువ్వు కిందికి తోలబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

“ఏం చూడాలి నువ్వు?” అన్నావు.

“రోడ్డు. నువ్వు పో, రైలు తప్పిపోతాది.”

నువ్వు పోయాక ఆయన కుర్చీలో కూర్చున్నాను. అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు. నాకు హారన్ తప్ప ఏమీ రాదు. బాణం గుర్తులు నొక్కితే బండి కదిలింది, కంచెకు గుద్దింది, వెనక్కి వచ్చింది, మళ్లీ గుద్దింది. ఆయన ఉంటే ఎన్ని మాటలనేవాడో. ఏమే, పల్లకీ మోస్తా ఉండావా అనేవాడు. రెండు చేతులూ బండికే సరిపోయాయి. హారన్ కొట్టడానికి పక్కన ఎవరూ లేరు. స్టూలు ఖాళీగా ఉంది. దిగుడులో మెల్లగా దిగాను. మలుపు వచ్చింది. ఫ్యాను అరుస్తుందేమోనని చెవి అటు పెట్టాను. అరవలేదు. కంప్యూటర్ ఆగలేదు. బండి నిలిపేసి తలెత్తి చూశాను.

ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చేసి, కనిపించిందా పెద్దమ్మా అన్నావు. కనిపించింది అని పెట్టేశాను. ఏం కనిపించిందో నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాసుకో.

కొండ. పెద్ద కొండ, పైన తెల్లగా మంచు, కింద రాళ్లు, నడుమ నల్లటి చెట్లు. నీళ్లకోసం ఎంత వెతికానో. ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికాను. చిన్న కాలువ కూడా లేదు.

“కొండేనయ్యా” అన్నాను పైకే. గెలిచినవాడు ఎగరాలి కదా, వీధంతా వినిపించేలా అరవాలి కదా, మూడు రోజులు నన్ను సాధించాలి కదా. ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతోంది, అంతే. బయట నీళ్ల లారీ వచ్చి హారన్ కొట్టింది. బిందె తీసుకుని పోలేదు నేను ఆ రోజు.

మర్నాడు సౌకార్‌పేటలో ఒక అంగడికి పూలమాలలిచ్చి వస్తూ మిఠాయి కొట్టు దగ్గర ఆగాను. ఒక్కటేనా అన్నాడు అతను. ఒక్కటే అన్నాను. ఆయన ఉన్నన్నాళ్లూ షుగర్ అని తీపి నోటిదాకా పోనివ్వలేదు, చేతిలోది లాక్కున్నాను. జాంగ్రీ తెచ్చి ఫోటో ముందు పెట్టలేదు, కంప్యూటర్ దగ్గర, ఎర్ర బిళ్ల పక్కన పెట్టాను. సాయంత్రానికి చీమలు పట్టాయి. తోలలేదు.

బండి ఇంకా అక్కడే ఉంది, కొండ ఎదురుగా. దాన్ని ముందుకు తోలలేదు. రోజూ పూలు కట్టేటప్పుడు పెట్టుకుంటాను. నా స్టూలు మీదే కూర్చుంటాను.

ఆ పొద్దున ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఎవరు కొండన్నారో, ఎవరు నీళ్లన్నారో మూడో మనిషికి తెలియదు. నేనే కొండ అన్నానని చెప్పి ఉంటే నువ్వు అలాగే రాసేదానివి. నాకు చదువు రాదు, నువ్వేం రాశావో నాకు తెలియదు. అందుకే అడుగుతున్నాను. మొదటినుంచి చదువు పాపా. ఆయన మాట ఆయనకు, నా మాట నాకు వచ్చిందో లేదో వినాలి. కళ్లు పోయినోడన్నది తీసెయ్యలేదు కదా? చదువు.