గుంటలు పడ్డ ప్లేట్లు

రుక్మాబాయితో పెట్టుకుని గెలిచినవాళ్లు ఫలక్‌నుమాలో లేరు. మా ల్యాబులో కరెంటు పని చూసే నేనైతే అసలు పోట్లాటకే దిగను. అలియాబాద్‌లో బర్రెలను పెట్టుకుని పాలమ్మే ఇంటి కోడలు ఆమె. రైలు పట్టాల వెనకున్న మా చిన్న ఎంజైముల ల్యాబులో గాజుసామాను కడుగుతుంది, బ్యాక్టీరియాను పెంచడానికి జెల్లీ కాచి ప్లేట్లలో పోస్తుంది. రంజాన్ నెలలో ఇళ్లల్లో మిఠాయికి వాడే చైనా గ్రాస్ ఉంటుందే, అదే సరుకు. ఆమె పోసిన ప్లేటు తలకిందులు చేసినా కదలదు. ఆ గొప్ప చెప్పుకోనిదే ఆమెకు పొద్దు గడవదు.

మా సైంటిస్టు స్రవ్య మేడమ్ బాపట్ల సముద్రం ఒడ్డు నుంచి కుళ్లిన నాచు తెచ్చింది. నాచును కరిగించి చక్కెరలుగా విడగొట్టే ఎంజైము అందులోని ఏ బ్యాక్టీరియాలోనైనా దొరుకుతుందేమోనని ఏడాదిగా ఒకటే తపన. మిగిలిన ఆఖరి నాచునీళ్లను రుక్మాబాయి పోసిన ప్లేట్లమీద తనే పూసి, వెచ్చగా ఉంచే బీరువాలో పెట్టింది. అంతలో మేడమ్ జ్వరం తగిలి ఇంట్లోనే ఉండిపోయింది.

తుడుద్దామని బీరువా తెరిచిన రుక్మాబాయికి గుండె గుభేలుమంది. ప్లేట్ల నిండా గుంటలు! జెల్లీ కరిగి నీళ్లు తేలింది. తన చేతి పనే చెడిందనుకుంది పాపం. ఎవరి కంటా పడకముందే వాటిని పెద్ద కుక్కర్‌లో వేసి ఉడకబెట్టింది. కొత్తవి పోసి అదే అరలో సర్దింది.

జ్వరం తగ్గి వచ్చిన స్రవ్య మేడమ్ నేరుగా బీరువా దగ్గరికే పోయింది.

"అక్కా, నా ప్లేట్లేవి?"

"గవే మేడమ్. మస్తు పేరుకున్నయ్, సూడుండ్రి."

"ఇవి కాదక్కా, నేను పూసినవి. గుంటలు గిట్ల పడ్డయా? ఆ గుంటల కోసమే కదా ఇంత లొల్లి! జెల్లీ కూడా నాచుతోని చేసిందే. దాన్ని తిని గుంట చేసిందంటే మనకు కావలసిన బ్యాక్టీరియా దొరికినట్టే."

రుక్మాబాయి మొహాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"ఉడకబెట్టిన మేడమ్."

స్రవ్య మేడమ్ స్టూలు మీద కూలబడింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది.

ఉన్నట్టుండి రుక్మాబాయి నెత్తి కొట్టుకుంది. "నా మతి మండ! ఒకటున్నది!" అంటూ ఫ్రిజ్ దగ్గరికి ఉరికింది.

పాలవాళ్ల ఇంట్లో కొత్త పెరుగు తోడుకునేదాకా పాతది, ఎంత పులిసినా సరే, ఒక చెంచాడు దాచి ఉంచుతారు. ఆమె చేతికి అబ్బిన అలవాటది. "కొత్తయి పేరుకుంటయో లేదో అని ఒక పాతది ఆపిన. పేరుకున్నంక దాని యాదే మరిచిన," అంటూ వెనక అరలోంచి ప్లేటు తీసింది. దాని నడుమ గుంట ఉంది. అయితే ఆ చలికి అందులో ప్రాణం మిగిలిందో లేదో ఎవరికి తెలుసు?

స్రవ్య మేడమ్ ఆ గుంటలోంచి తీగతో కొంచెం తీసి కొత్త ప్లేట్లమీద గీసింది. ఇక చూడండి రుక్మాబాయి అవస్థ! జెల్లీ గట్టిగా రావాలని మొక్కే మనిషి, "నా జెల్లీ పాడుగావాలె తల్లీ, నీకు బోనమెత్తుత," అని లాల్‌దర్వాజ అమ్మవారికి మొక్కుకుంది. బీరువా దగ్గరే తచ్చాడింది. అన్నం సహించలేదు.

మూడోనాడు పొద్దున స్రవ్య మేడమ్ కేక పెట్టింది. "అక్కా, పడ్డయ్! గుంటలు పడ్డయ్!"

రుక్మాబాయి నేలమీద చతికిలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నాకూ గుండెల మీంచి కుంపటి దింపినట్టయింది.

"ఆ రోజే నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెడగొట్టిన అంటే పనిలకెల్లి తీసేస్తరనుకున్న మేడమ్."

స్రవ్య మేడమ్ ఆమె పక్కనే నేలమీద కూర్చుంది. "ఏడాది సంది నీ ప్లేట్లతోనే పని చేస్తున్న. ఏం వెతుకుతున్ననో నేను నీకు ఒక్కనాడన్న చెప్పిననా?"

రుక్మాబాయి ముక్కు చీది, కళ్లు తుడుచుకుంది.

"మరి ఇప్పుడు చెప్పుండ్రి," అంది.