శనివారం నాడు ఫ్రెంచి నత్తలు

"తిననిది లేదు" అనే పేరుతో ఏడాది క్రితం ఇదే బ్లాగులో ఒక పోస్టు పెట్టాను. కంపు కొట్టే దురియన్ పండు తిని, వాంతి చేసుకోకుండా బయటపడ్డ ఊపులో రాసిన కోతలవి. గొప్పలకు పోతే తిప్పలు తప్పవు కదా. ఆ తిప్పలు నాకు కౌలాలంపూర్ ఆఫీసులో పక్క సీటులోంచే వచ్చాయి. అక్కడ కూర్చునేది శాంతి. పుట్టి పెరిగింది మలేషియాలోనే. వాళ్ళ పెద్దలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చినవాళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడాలంటే మాత్రం నాలుగు భాషల్లోంచి మాటలు అరువు తెచ్చుకుంటుంది. "అన్నా, నువ్వు అన్నీ మకాన్ చేస్తావు కదా, నత్త తిన్నావా?" అని అడిగింది ఒకరోజు. మకాన్ అంటే మలయ్ భాషలో తినడం. "నత్తా? అదెంత పని!" అనేశాను. నిజానికి తెనాలిలో మా ఇంటి గోడ మీద వానాకాలం నత్త కనిపిస్తే ఉప్పు డబ్బా కోసం పరిగెత్తే మనిషిని నేను.

అసలు విషయం అప్పుడు చెప్పింది. కౌలా సెలంగోర్‌లో ఉండే వాళ్ళ మామ్మకి ఈమధ్య ఒక సందేహం పట్టుకుందట. ఫ్రెంచి వాళ్ళు నిజంగా నత్తలు తింటారా? శాంతి ఫోనులో వీడియో చూపిస్తే, "ఫోనులో దెయ్యాలు కూడా అన్నం తింతాయి, కళ్ళతో సూడాల" అన్నారట ఆవిడ. కౌలాలంపూర్‌లో ఫ్రెంచి హోటళ్ళకి కొదవ లేదు కనుక, టేబుల్ నేను బుక్ చేస్తాను, మామ్మని కారులో తీసుకొచ్చెయ్ అన్నాను. శాంతి తల అడ్డంగా ఊపి, ఇక్కడివాళ్ళ ఊతపదం 'లా' తగిలిస్తూ అంది, "ఫోన్‌లో పిలిస్తే మామ్మ రాదు లా. భోజనానికి పిలిచేవాళ్ళు ఇంటికొచ్చి పిలవాల." అంటే డెబ్భై కిలోమీటర్లు వెళ్ళి పిలిచి, మళ్ళీ డెబ్భై కిలోమీటర్లు వెనక్కి వచ్చి తినాలన్నమాట. నాకు తెలిసి మలేషియాలో ఇంత తిరుగుడు ప్రయాణం ఇంకెవరూ చేసి ఉండరు.

శనివారం ఉదయం ఆరున్నరకి కె.ఎల్. సెంట్రల్‌లో కొమ్యూటర్ రైలెక్కాను. క్లాంగ్‌కి గంట పైన పడుతుంది, టికెట్టు నాలుగైదు రింగిట్లలో అయిపోతుంది. క్లాంగ్‌లో దిగి టిఫిను తిని కౌలా సెలంగోర్ బస్సు పట్టుకున్నాను. ఇంకో గంటంబావు. ఊళ్ళు దాటాక రెండు వైపులా ఆయిల్ పామ్ తోటలే. డ్రైవరు నన్ను పర్యాటకుడిగా పోల్చుకుని, ఆ ఊరికి పేరు తెచ్చిన మిణుగురు పురుగుల్ని చూడ్డానికా అని తమిళంలో అడిగాడు. కాదు, ఒక పెద్దావిడను భోజనానికి పిలవడానికి అన్నాను వచ్చీరాని తమిళంలో. భోజనం ఎక్కడ అన్నాడు. కౌలాలంపూర్‌లో అన్నాను. అద్దంలోంచి నన్ను కాసేపు చూసి, రేడియో శబ్దం పెంచాడు.

తొమ్మిదిన్నరకి, ముందు రోజే ఊరెళ్ళిన శాంతి బస్సు స్టాండులో ఎదురొచ్చి ఇంటికి తీసుకెళ్ళింది. మామ్మ పేరు అప్పలనరసమ్మ గారు. డెబ్భై దాటినా నడుము వంగలేదు. నుదుటన నామం, చేతిలో ఇంకా ఆరని హారతి పళ్ళెం. శాంతి నేర్పినట్టే అరటిపళ్ళు, తమలపాకులు చేతికిచ్చి, "మామ్మగారూ, మీరు మా మాట మన్నించి భోజనానికి రావాలి" అని దండం పెట్టాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"రాకేటి బాబూ, వత్తాను. ఏటి పెడతావు?"

"నత్తలండీ. ఫ్రెంచి నత్తలు."

ఆవిడ హారతి పళ్ళేన్ని కింద పెట్టారు. "ఇయాల శనోరం కాదేటి?"

నాలుక కరుచుకున్నాను. శనివారం వెంకటేశ్వర స్వామి వారం. తెనాలిలో మా అమ్మ ఆ రోజు కోడిగుడ్డు అన్న మాట కూడా ఇంట్లో అననివ్వదు. అలాంటి ఇంట్లో పుట్టి, ఏడు రోజుల్లో ఏరి కోరి ఆ రోజునే బుక్ చేశాను. శాంతికీ తట్టలేదట. ఇంకో వారం వస్తానని గొణిగాను. మామ్మ ఒప్పుకోలేదు. "పిలుపు పుచ్చుకున్నాక రాననకూడదు. నాను వత్తాను, కూకుంటాను, సూత్తాను. నువ్వు తిను లా." నా లెక్క ప్రకారం ఆవిడ నత్తలు తింటారు, నేను ఫోటోలు తీసుకుంటూ బంగాళాదుంప వేపుడు తింటాను. ఆ లెక్క అక్కడితో గంగలో కలిసింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి స్టీలు డబ్బా నిండా పులిహోర సర్దుకుని, చీర మార్చుకుని శాంతి కారెక్కారు.

కారులో నేను ధైర్యం కూడగట్టుకునే పనిలో ఉంటే, ఆవిడ వెనక సీటులోంచి తన సందేహం వెనక కథ చెప్పారు.

"అప్పుడు నాకు పదేళ్ళు. మా ఎస్టేటు దొర ఫ్రెంచివోడు. వానెలిసిన మర్నాడు మాయమ్మ కాలవలో నత్తలేరి పులుసెట్టినాది. దొర సైకిలు మీద ఎల్తా మా ఇంటి ముందర ఆగినాడు. కుండలోకి వంగి సూసినాడు. పకపకా నవ్వినాడు. నోటికేసి ఏలు సూపించినాడు. ఆడి ఎనకాల గుమాస్తా కూడా నవ్వినాడు."

"తర్వాత?"

"తర్వాతేటి? నత్తలు తినే మనుసులని ఎక్కిరించినాడనుకున్నాది మాయమ్మ. దొర ఎల్లిపోగానే కుండ కుండంతా కాలవలో బోర్లించీసినాది. సచ్చిపోయేదాక మళ్ళీ నత్త వొండనేదు. ఆ దినం నాను ఆకలికి ఏడిసినాను బాబూ." చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకుని అన్నారు, "ఇప్పుడీ గుంట, మా శాంతి, ఫ్రెంచివోళ్ళు నత్తలు తింటారంతాది. మరైతే ఆడు ఎక్కిరించినాడా, నాకూ పెట్టమని అడిగినాడా? నాను పోయేలోపల అది తెలియాల."

అంతవరకూ నాకు ఇది బ్లాగు కోసం చేస్తున్న సరదా. ఆ మాట విన్నాక నత్త తినకుండా తప్పించుకునే దారులు వెతకడం మానేశాను.

పన్నెండున్నరకి హోటల్లో కూర్చున్నాం. ఓ పక్క సందులో ఉన్న చిన్న చోటు, పది టేబుళ్ళు. మెనూలో ఆరు నత్తల ప్లేటు యాభై ఎనిమిది రింగిట్లు, మన డబ్బులో వెయ్యి దాటుతుంది. శాంతి ధర చదివి చెప్పగానే మామ్మ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఓలమ్మా! ఒక్కో నత్తకి పది రింగిట్లేటి? ఐతే మా కాలవ అమ్మితే ఈ హోటలు కొనీయొచ్చు!"

ప్లేటు వచ్చింది. గుంత పొంగణాల పెనంలా ఆరు గుంతలు, గుంతకో నత్త, పైన వెల్లుల్లి, పచ్చటి ఆకు కలిపిన వెన్న సలసలా కాగుతోంది. పట్టుకోవడానికి ఒక పట్టకారు, లోపలిది లాగడానికి రెండు ముళ్ళ చిన్న ఫోర్కు. మామ్మ నత్తను ముట్టుకోకుండా, కళ్ళజోడు సర్దుకుని నాలుగు వైపులా పరీక్షించారు. "కొస కత్తిరించనేదు. ఎలగ పీలుస్తారు?" వాళ్ళ ఎస్టేటులో గుల్ల తోక కత్తిరించి వండుతారట, అప్పుడే గాలాడి, పీలిస్తే మాంసం నోట్లోకి వస్తుందట. ఇక్కడ పీల్చరు, ఫోర్కుతో లాగుతారని చెప్పాను. "పీల్చకుండా నత్తేటి!" అని నొచ్చుకున్నారు.

మొదటిది లాగాను. నల్లగా, ముడుచుకుని, నా వంకే చూస్తున్నట్టుంది. ఏడుకొండలవాడికి క్షమాపణ చెప్పుకుని కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నాను. "కళ్ళు కాదు నాయినా, నోరు మూసుకుని నమలు," అన్నారు మామ్మ. నమిలాను. జిగట లేదు. కోడి కందనకాయని వెల్లుల్లి వెన్నలో వేయించినట్టుంది, అంతే. రెండోదానికి భయం పోయింది. మూడోదానికి రొట్టె ముక్కతో వెన్న కూడా తుడుచుకున్నాను. "ఎలగున్నాది? నిజం సెప్పు." "బాగుంది మామ్మగారూ. కాస్త కారం తక్కువ." ఆవిడ గెలిచినట్టు నవ్వి, "ఇప్పుడొకటి పీల్చు" అన్నారు. వద్దంటే వినరు. పీల్చాను. మాంసం రాలేదు కానీ, వేడి వెన్న మాత్రం సర్రున వచ్చి నాలుక కాల్చింది. ఆ చప్పుడుకి హోటలంతా మావైపు తిరిగింది.

పక్క టేబుల్ దగ్గర ఫ్రెంచిలో మాట్లాడుకుంటున్న ముసలి దంపతులు కూడా నత్తలే తింటున్నారు. మామ్మ వాళ్ళని తదేకంగా చూశారు. "తింతన్నారు, సూసినాను. కాని ఈళ్ళు సరదాకి తినే డబ్బున్నోళ్ళు. ఆ దొర మాటేటి?" అని నిట్టూర్చారు. ఇంత దూరం వచ్చి, నాలుక కాల్చుకుని కూడా ఆవిడ సందేహం తీర్చలేకపోయానని నాకు నిజంగా బాధేసింది.

అంతలో వంటింట్లోంచి చెఫ్ వచ్చాడు. అరవై దాటిన భారీ ఫ్రెంచి మనిషి. చప్పుడు గురించి చివాట్లు పెడతాడనుకున్నాను. అంతా బాగుందా అని ఇంగ్లీషులో అడిగాడు. శాంతి ఇదే అదనుగా, మీ ఇళ్ళల్లో కూడా ఇవి తింటారా అని అడిగి, అతను చెప్పింది మామ్మకి చెప్పింది. "మామ్మా, ఈయన పాట్టి, అంటే ఈయన మామ్మ, వాన తర్వాత బాల్దీ పట్టుకుని నత్తలు ఏరినాది. గోడ పక్కన. వాళ్ళు కూడా డబ్బులేని వాళ్ళే లా."

అప్పుడు చెఫ్ చూపు టేబుల్ మీదికి వెళ్ళింది. మామ్మ చేతి గుడ్డ చాటున స్టీలు డబ్బా తెరిచి పులిహోర తింటున్నారు. అతను డబ్బాలోకి వంగి చూశాడు. వాసన పీల్చాడు. పకపకా నవ్వాడు. వేలితో తన నోరు చూపించాడు.

మామ్మ చెయ్యి చటుక్కున డబ్బా మీద పడింది. శాంతీ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. క్షణం తర్వాత ఆ చెయ్యి మెల్లగా పక్కకి జరిగింది. డబ్బా ముందుకి జరిగింది. "తిను నాయినా, తిను," అన్నారు మామ్మ.

అతను చేత్తోనే తిన్నాడు. ఒక ముద్ద, ఇంకో ముద్ద. ఎండుమిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అయినా ఆపలేదు. మామ్మ కూడా కళ్ళు తుడుచుకుంటున్నారు, ఆవిడ మిరపకాయ కొరక్కపోయినా. "అచ్చం ఇలాగే నవ్వినాడు బాబూ ఆ దొర. ఏలు కూడా ఇలాగే సూపించినాడు. ఆడికి ఆకలేసినాది, అంతే. మాయమ్మ తెలుసుకోనేకపోనాది." కాసేపటికి తేరుకుని, "ఇంకో పళ్ళెం కట్టించు. రేపు ఆదోరం," అన్నారు. ఆ రెండో ప్లేటుకి చెఫ్ బిల్లు వెయ్యలేదు, పులిహోరకీ దానికీ చెల్లుకు చెల్లు అన్నాడు.

ఆ సాయంత్రం వాళ్ళతోనే కౌలా సెలంగోర్ వెళ్ళి అక్కడే ఉండిపోయాను. ఆదివారం ఉదయం లేచేసరికి మామ్మ పెరట్లో కూర్చుని, కటింగ్ ప్లేయరుతో ఫ్రెంచి నత్తల కొసలు టప్ టప్‌మని కత్తిరిస్తున్నారు. వాటిని చింతపండు పులుసులో, దండిగా కారం వేసి మళ్ళీ ఉడికించారు. అరటాకులో ఆరూ వడ్డించి గోడ మీది ఫోటో ముందు పెట్టారు. గుర్తింపు కార్డులోంచి పెద్దది చేయించిన వాళ్ళమ్మ ఫోటో అది, నవ్వు లేని ముఖం. "అమ్మా, దొర మనల్ని ఎక్కిరించనేదే. పెట్టమన్నాడు. ఈసారి పారబొయ్యకు, తిను," అన్నారు. తర్వాత నా చేతికి మూడు ఇచ్చి, తను మూడు తీసుకున్నారు. ఆవిడ పీల్చిన చప్పుడు ముందు హోటల్లో నేను చేసిన చప్పుడు ఎందుకూ పనికిరాదు.

తిరుగు బస్సులో నాకు మా ఇంటి గోడ మీది నత్తలూ, ఉప్పు డబ్బా గుర్తొచ్చాయి. ఒకరు ఆకలికి ఏరుకున్నదాన్ని మనం అసహ్యించుకుంటాం, అదే వెన్న పూసి తెల్ల పళ్ళెంలో పెడితే టేబుల్ బుక్ చేసి మరీ తింటాం. నేను చేసిందీ అదే, అందుకు సిగ్గుపడ్డాను. ఆ దొర ఎప్పుడో పోయి ఉంటాడు, ఆ తల్లీ పోయింది. ఒక్క నవ్వు అర్థం కాక ఒక ఇంట్లో అరవై ఏళ్ళు నత్తల పులుసు ఉడకలేదు.

మీరూ వెళ్ళాలనుకుంటే ఒకటే సలహా: ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే టేబుల్ ఆదివారానికే బుక్ చేసుకోండి. శనివారం తప్పదనుకుంటే పులిహోర పట్టుకెళ్ళండి, చెఫ్‌కి కూడా సరిపోయేటంత.