నల్ల తెర ముందు జిప్పులామె

రెండో అంతస్తులో సంచులకీ సూట్‌కేసులకీ జిప్పులు మార్చే ఆవిడని బిల్డింగంతా జిప్పులామె అనే పిలుస్తుంది. ఆ నోటికీ ఒక జిప్పు వేసుకుంటే బాగుండునని కింద ఇంటి దర్జీ అనుకుంటాడు గానీ, ఎదురుగా అనే ధైర్యం లేదు. ఎదురుగా అనలేనివాడు బిల్డింగు బ్లాగులో రాశాడు. ఆవిడ జిప్పు వేసిన చోటే సంచి నోరు తెరిచి, బస్సెక్కుతుంటే తన బట్టలన్నీ రోడ్డున పడ్డాయట.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. తన పనికి వంకపెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు. పైగా అది చదివి, బాగుకిచ్చిన సంచులు వెనక్కి పట్టుకుపోయారు కొందరు.

ఆ బ్లాగు చూసుకునేది ఆవిడ తమ్ముడే, ఉండేది పై అంతస్తులో. అందులో రాయాలంటే నొక్కడానికి బటన్లేవీ ఉండవు, నల్ల తెర మీద ఆజ్ఞలు టైపు చేసి పంపాలి. దర్జీకి నేర్పిందీ అతనే. నువ్వు చెప్పక్కా, నేను కొడతానన్నాడు.

"నా తిట్లలో నువ్వు పంచదార కలుపుతావు. లే, కుర్చీ ఇటివ్వు."

కూర్చున్నాక కోపం కాస్త పక్కకి జరిగింది. తెర మీద మినుకుమినుకుమనే ఆ గీత ఎవరికోసం ఎదురుచూస్తోంది? రాసినదంతా దాచాక, ఏం రాశావో మళ్ళీ ఒక్క ముక్కలో చెప్పమంటుందేం, చెవుడా? పాస్‌వర్డు కొడుతుంటే ఒక్క అక్షరమూ కనబడదేం? పక్కవాళ్ళు చూడకుండా అలా దాస్తుందని తమ్ముడు చెప్పాక, తెర మీద గౌరవం పుట్టిందావిడకి. మన వంశంలో గుట్టు దాచినవాళ్ళు లేరంది.

చివరికి, రాసింది బ్లాగుకి పంపమని ‘గిట్ పుష్’ అనే ఆజ్ఞ కొట్టింది. తెర పొమ్మంది.

"ఈలోగా ఇంకెవరో ఏదో పెట్టారక్కా. ముందు వాళ్ళది తెచ్చుకోవాలి. అప్పుడే నీది తీసుకుంటుంది."

"అంటే అవతలివాళ్ళది విన్నాకే నేను నోరు విప్పాలా?"

"అంతే."

మొగుడి దగ్గర కూడా ఒప్పుకోని షరతు అది. కానీ రాసిందెవరో తెలుసుకోకుండా ఉండగలదా? అది తెచ్చిపెట్టమని ‘గిట్ పుల్’ కొట్టింది.

వచ్చింది దర్జీ రాతే. సంచి తిరగేసి చూస్తే జిప్పు నిక్షేపంగా ఉందట, చివికిపోయింది పక్కనున్న గుడ్డట. తొందరపడ్డానని, జిప్పులామె పనికి వంక లేదని ఒప్పుకున్నాడు. క్షమించమన్న మాట మాత్రం ఎక్కడా లేదు. అంతవరకూ గుడ్డ చాలలేదు కాబోలు.

తమ్ముడు ఊపిరి పీల్చుకుని, ఇక నీది చెరిపేద్దామా అన్నాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. బుద్ధెరిగాక పదిమంది కోసం రాసిన మొదటి రాత అది. దాన్ని మళ్ళీ తెరిచి, కుట్లు విప్పినట్టు తిట్లన్నీ ఒక్కొక్కటే తీసేసింది. సంచిలో గొంతుదాకా కుక్కి జిప్పు లాగొద్దనీ, బిగిసిపోతే కొవ్వొత్తి రుద్దమనీ రాసిన ముక్కలు మిగిలాయి. వాటి కింద, గుడ్డ చివికితే దర్జీ దగ్గరికి వెళ్ళమని ఒక మాట చేర్చి పంపింది.

ఈసారి తెర ఏదో గొణిగి ఊరుకుంది.

"వెళ్ళినట్టేనా?"

"వెళ్ళిందక్కా. పని అయిపోతే అది ఎక్కువ మాట్లాడదు."

"మన చుట్టం కాదన్నమాట," అని, కుర్చీలోంచి లేవకుండానే, ఇంకేమేం ఆజ్ఞలున్నాయో చెప్పమంది.