నేలమాళిగలో మనిషి

అచ్చుతప్పుల కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తాడని ప్రెస్సులో అందరూ ఆయన్ని వత్తులాయన అంటారు. ముప్ఫై ఏళ్లుగా అదే కిటికీ పక్కన కూర్చుని, ఒక్కో వరుస కింద స్కేలు జరుపుకుంటూ, ఎర్ర పెన్సిలుతో ప్రూఫులు దిద్దుతున్నాడు. కథ ఎలా ఉందని ఎవరైనా అడిగితే, "నేను అక్షరాలు చూస్తానండీ, కథ చూడను," అంటాడు. గూఢచారి నవల మూడో భాగం దగ్గర మాత్రం ఆ మాట నిలబడలేదు. రెండో భాగం చివర గూఢచారి వైర్‌లెస్‌లో రహస్య కబుర్లు పంపే తన మనిషిని నేలమాళిగలో దాచి, "నేనొచ్చేదాకా కదలకు," అని బయట గడియ పెట్టి వెళ్లాడు. ఆఖరిదైన మూడో భాగంలో కార్లు తగలబడ్డాయి, రెండు పెళ్లిళ్లయ్యాయి, పతకాలు పంచి రచయిత చేతులు దులుపుకున్నాడు. వైర్‌లెస్ మనిషి ఊసే లేదు. వత్తులాయన చివరి పుట అంచున రాశాడు: "నేలమాళిగలో ఉన్నాయన సంగతి?"

మూడో రోజు ప్రూఫులు రచయిత దగ్గర్నుంచి తిరిగొచ్చాయి. ఆ ప్రశ్న కింద నీలం సిరాతో ఒకే ముక్క ఉంది: "ఎవరాయన?" మేనేజరు నవ్వి, "కథే కదండీ, వదిలేయండి. రేపు అచ్చుకెళ్లాలి," అన్నాడు. వత్తులాయన తలూపి సంతకం పెట్టాడు. అప్పట్నుంచి స్కేలు జరుపుతూ జరుపుతూ మధ్యలో ఆపి, నేలకేసి చెవి ఒగ్గుతున్నాడు. కింద కాగితం రీములు పెట్టే గది ఉంది. సాయంత్రం అందరితో పాటు గేటు దాకా వెళ్లి, గొడుగు మర్చిపోయానని వెనక్కి వస్తాడు. చంకలో గొడుగుతోనే మెట్లు దిగి, ఆ గది గడియ తీసి, తలుపు ఓరగా వదిలి వెళ్తాడు. పొద్దున వచ్చేసరికి వాచ్‌మన్ మళ్లీ గడియ పెట్టే ఉంటాడు.