కళ్యాణి కలిపిన రెండు వృత్తాలు

కళ్యాణి అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌లో అంగన్‌వాడీ ఆయా. పిల్లలకు వండిపెడుతుంది, ముక్కులు తుడుస్తుంది. అక్కడి టీచరు పోస్టు ఖాళీ అవుతోంది. పది పాసైతే ఆమె పేరే పంపుతానని సూపర్‌వైజర్ మేడమ్ చెప్పింది. తొమ్మిదిలో ఆపేసిన చదువును కళ్యాణి ఓపెన్ స్కూల్లో మళ్లీ మొదలుపెట్టింది. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి, లెక్కలు మాత్రం పోయాయి. ఈసారి కూడా పోతే పోస్టు ఇంకొకరికి వెళ్తుంది.

ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. ఆమె పుట్టింది ఇక్కడే. నీది ఏ ఊరని ఎవరైనా అడిగితే, అడిగే మనిషిని బట్టి జవాబు చెబుతుంది.

లెక్కలు నేర్పడానికి అక్క కూతురు పింకీ ఆదివారాలు ఫెర్రీలో వచ్చేది. డిగ్రీ చదువుతోంది. ఒకరోజు వంటింట్లో గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి చూపించింది. అన్నిటికంటే చిన్న గిన్నె సహజ సంఖ్యలు, అంటే ఒకటి, రెండు, మూడు. వాటికి సున్నా చేరితే పూర్ణాంకాలు.

"ఒక్క సున్నా కోసం ఇంకో గిన్నా? తోమేది నేను గదే," అంది కళ్యాణి.

రుణ సంఖ్యలు చేరితే పూర్ణసంఖ్యలు. భిన్నాలు కూడా చేరితే అన్నిటికంటే పెద్ద గిన్నె, అకరణీయ సంఖ్యలు. భిన్నంగా రాయడం కుదరని రూట్ రెండు, పై (π) లాంటివి కరణీయ సంఖ్యలు. వాటి గిన్నె విడిగా ఉంటుంది. మొత్తం కలిపితే వాస్తవ సంఖ్యలు.

ఇప్పుడు బొమ్మ గీయమంది పింకీ. కళ్యాణి లోపలి వరుసంతా సరిగ్గానే గీసింది. కరణీయ సంఖ్యల వృత్తాన్ని మాత్రం అకరణీయ సంఖ్యల వృత్తం మీదికి కాస్త ఎక్కించి, రెండూ కలిసినచోట పై గుర్తు వేసింది. పై అంటే ఇరవై రెండు బై ఏడని బళ్లో చెప్పారు, అది భిన్నమే కదా, అందుకే పై అటూ ఇటూ ఉంటుందని ఆమె వాదన.

"మనం లేమేటి అటూ ఇటూ? ఆంధ్రా వాళ్లమూ మనమే, అండమాన్ వాళ్లమూ మనమే. దోనో, రెండూను."

"మనం దోనో, పిన్నీ. నంబర్ దోనో అవ్వదు."

ఇరవై రెండును ఏడుతో భాగించమంది పింకీ. కళ్యాణి కాగితం నిండేదాకా చేసింది. మూడు పాయింట్ ఒకటి నాలుగు రెండు ఎనిమిది ఐదు ఏడు, మళ్లీ ఒకటి నాలుగు రెండు.

"ఏటే, అవే తిరిగొస్తన్నాయి."

పింకీ ఫోన్లో పై విలువ చూపించింది. పాయింట్ తర్వాత మూడో అంకెకే దారి వేరైంది, ఆ తర్వాత ఎక్కడా ఒకే వరుస తిరిగి తిరిగి రాదు. భిన్నమైతే అంకెలు ఎక్కడో ఆగాలి, లేదా అవే తిరిగి రావాలి. ఇరవై రెండు బై ఏడు పై విలువకు దగ్గరగా ఉండే భిన్నం, అంతే. భిన్నంగా రాయగలిగితే ఇటు, లేకపోతే అటు, మధ్యలో చోటు లేదంది పింకీ. కళ్యాణి బొమ్మ చెరిపి, రెండు వృత్తాలనూ దూరంగా గీసింది.

పరీక్షలో అకరణీయమూ కరణీయమూ అయిన సంఖ్య ఉంటుందా అని అడిగారు. ఉండదని రాసి, కారణం కూడా రాసింది. తప్పులు వేరేచోట్ల చేసినా పాసైంది.

పోస్టు వచ్చింది. కొత్త ఆయా ఎప్పుడొస్తుందని అడిగితే మేడమ్ ఇంకా ఆర్డరు రాలేదంది. ప్రస్తుతం కళ్యాణి పొద్దున పాఠం చెబుతుంది, మధ్యలో వెళ్లి పప్పు దించి వస్తుంది.